ఒలాంజపైన్ వాడకంలో పెరిగిన బరువు, బయటపడిన మధుమేహం: దేవరకొండ ప్రాంతపు ఒక మహిళ కేస్ స్టడీ

సైకోసిస్ (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు కలగడం) లక్షణాలను గట్టిగా అదుపు చేయగల మందులలో క్లోజపైన్, ఒలాంజపైన్ ముందు వరుసలో ఉంటాయి. శరీర బరువును, రక్తంలో చక్కెరను, కొవ్వులను అన్నిటికంటే ఎక్కువగా పెంచేవి కూడా ఆ రెండే. మనోవైద్యులందరికీ తెలిసిన విషయమే ఇది. అయినా ఆ దుష్ప్రభావం ఒక పల్లెటూరి ఇంట్లో ఏడాదికి పైగా ఎవరి దృష్టికీ రాకుండా, పైగా రోగం నయమైందనడానికి గుర్తుగా ఎలా చెలామణీ అయిందో, బయటపడిన తరువాత అసలు జబ్బు తిరగబెట్టకుండా దానిని సరిదిద్దడానికి ఎంత ఓపిక పట్టవలసి వచ్చిందో ఈ కేసులో స్పష్టంగా కనిపిస్తుంది. నల్గొండలో నేను చికిత్స చేస్తున్న ఒక మహిళ కేసు ఇది. ఆమె, ఆమె భర్త అనుమతితోనే రాస్తున్నాను. వారిని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

పూర్వాపరాలు

రోగి వయసు 31 సంవత్సరాలు. దేవరకొండ డివిజన్‌లోని ఒక గ్రామం. కుటుంబానికి వర్షాధారపు పత్తి చేను కొద్దిగా ఉంది. మిగతా రోజుల్లో ఆమె కూలికి వెళ్తుంది, భర్త ఆటో నడుపుతాడు. ఇద్దరు పిల్లలు, రెండో కాన్పు తరువాత కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. ఇంట్లో అత్తగారు కూడా ఉంటారు. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఆమెకు మోకాళ్లు, నడుము బిగుసుకుపోయి కింద కూర్చుని లేవడం కష్టం. ఈ వివరానికి ఆహార ప్రణాళిక దగ్గర ప్రాధాన్యం ఉంది కనుక ఇక్కడే చెబుతున్నాను.

మా దగ్గరికి రావడానికి ముందు సంవత్సరం వానాకాలం మొదట్లో ఆమెకు జబ్బు మొదలైంది. పక్కింటివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారన్న అనుమానం, ఇద్దరు ఆడవాళ్లు తనను తిడుతున్నట్టు వినిపించే మాటలు, అన్నంలో ఏదో కలిపారన్న భయంతో తినడం మానేయడం, రాత్రంతా మెలకువ. ఇంట్లోవాళ్లు మొదట బాణామతి అనుకున్నారు. దర్గాకు తీసుకువెళ్లి నిద్ర చేయించారు. కొన్ని వారాల తరువాత వేరొక పట్టణంలో ఒక వైద్యుని వద్ద చూపించగా స్కిజోఫ్రీనియాగా నిర్ధారించి ఒలాంజపైన్ మొదలుపెట్టి క్రమంగా రాత్రికి 15 మి.గ్రా. వరకు పెంచారు, దానితో పాటు ఒళ్లు బిగుసుకుపోకుండా, వణుకు రాకుండా వాడే ట్రైహెక్సిఫెనిడిల్ 2 మి.గ్రా. రోజుకు రెండు సార్లు ఇచ్చారు. మందు బాగా పని చేసింది. రెండు నెలల్లో మాటలు వినిపించడం ఆగింది, అనుమానాలు సన్నగిల్లాయి, తిండి, నిద్ర కుదిరాయి. అక్కడితో కుటుంబం ఆసుపత్రికి వెళ్లడం మానేసింది. భర్త నెలనెలా పాత చీటీ చూపించి మందుల షాపులో అవే గోలీలు తెచ్చేవాడు. ఈ మొత్తం కాలంలో ఆమెను ఒక్కసారి కూడా బరువు తూచలేదు, రక్త పరీక్ష చేయలేదు.

మా దగ్గరికి అక్టోబరులో వచ్చారు. పన్నెండు రోజుల క్రితం ఆమె ఎవరికీ చెప్పకుండా మందులు ఆపేసింది. నాలుగైదు రోజులుగా నిద్ర లేదు, తనలో తాను గొణుక్కుంటోంది. అత్తగారు కంగారుపడి తీసుకొచ్చారు. ఇలా హఠాత్తుగా నిద్ర పట్టకుండా పోయి మాటలు వినిపిస్తున్నాయంటే మా ప్రాంతంలో కల్లు అలవాటు గురించి తప్పక అడగాలి. అల్ప్రాజోలం వంటి మత్తు గోలీలు కలిపిన కల్లును రోజూ తాగేవారు ఒక్కసారిగా ఆపేస్తే కూడా నిద్రలేమి, మతిభ్రమ, ఫిట్స్ వస్తాయి. ఆమెకు పండుగ రోజుల్లో తప్ప ఆ అలవాటు లేదని తేలింది. ఇది మందు ఆపడం వల్ల తిరగబెడుతున్న పాత జబ్బే.

ఎందుకు ఆపావమ్మా అని అడిగితే ఆమె చెప్పిన సమాధానం ఇది: "గోలి ఏసుకుంటే కడుపు నిండినట్టే ఉండదు మేడం. తిని చెయ్యి కడుక్కున్న గంటకే మళ్ల ఆకలైతది. అర్ధరాత్రి లేశి సద్దన్నం తింట, మా అత్త సూస్తదని లైటు గూడ ఏసుకోను. ఆ మాటలు ఇనపడకుంటే మంచిదే, కని ఇట్ల ఉబ్బుకుంట పోతే సాళ్లల్ల వంగి పత్తి ఎట్ల ఏరాలె?"

పత్తి ఏరే కాలం మొదలైంది. నిరుడు ఒళ్లు తేలికగా ఉండి వంగిన మనిషి ఈ ఏడు వంగలేకపోయింది. తోటి కూలీల వెనుక పడిపోయింది. గోలీలే కారణమని తానే గ్రహించి ఆపేసింది. మందు మానేసే రోగులను మొండితనంగానో, జబ్బు మీద అవగాహన లేకపోవడంగానో లెక్కగట్టడం మా వృత్తిలో తేలిక. ఈమె విషయంలో మాత్రం కారణం, కార్యం రెండూ ఆమెకు స్పష్టంగా తెలుసు. మాలో ఎవరూ ఆమెను అడగలేదు, అంతే.

కనిపించకుండా పోయిన తీరు

అత్తగారి మాట వేరుగా ఉంది. "గోలీలు పడ్డంక మంచిగ తిన్నది, మంచిగ పన్నది, ఒళ్లు గూడ చేసింది. ఇగ రోగం పోయినట్టే అనుకున్నం." ఈ ఆలోచనలో తప్పు పట్టవలసినది లేదు. జబ్బు ముదిరినప్పుడు కోడలు తిండి మానేసి చిక్కి సగమైంది. కాబట్టి తినడం, ఒళ్లు రావడం ఆ ఇంటికి కోలుకోవడానికి ఆనవాళ్లయ్యాయి. మొదటి రెండు నెలలు అది నిజం కూడా. ఆ తరువాత కూడా బరువు పెరుగుతూనే ఉందన్నది తూకం లేకుండా తెలిసే విషయం కాదు.

మిగతా లక్షణాలకు కూడా ఒక్కోదానికి ఒక్కో సంజాయిషీ దొరికింది. వేసవిలో ఆమెకు విపరీతంగా దూప (దాహం) అయ్యేది. నల్గొండ ఎండల్లో అది ఎవరికైనా మామూలే. వానలు పడ్డాక కూడా ఆ దూప తగ్గలేదన్న సంగతి మేము అడిగినప్పుడు గానీ ఎవరికీ తట్టలేదు. ట్రైహెక్సిఫెనిడిల్ వల్ల నోరు ఎండిపోతుంది, అది ఈ దూపకు తోడైంది. నోరు తడుపుకోవడానికి ఆమె చక్కెర వేసిన చాయ్ రోజుకు ఐదారు సార్లు, ఊళ్లో దొరికే కూల్‌డ్రింకు ఒకటో రెండో తాగేది. పగటి మగత మందు వల్ల వచ్చేదే అనుకున్నారు, కొంతవరకు నిజమే. మెడ వెనుక చర్మం నల్లబడి మందంగా, ముతక గుడ్డలా తయారైంది. పుస్తెలతాడు రాపిడికి అట్లా అయిందన్నారు. చంకల్లో కూడా అదే మార్పు ఉంది, అక్కడ తాడు రాపిడి లేదు. ఇన్సులిన్‌కు శరీరం సరిగ్గా స్పందించనప్పుడు చర్మం మీద కనిపించే గుర్తు అది.

భర్తను, అత్తను బయట కూర్చోబెట్టిన తరువాతే ఆమె మరో విషయం చెప్పింది. కొన్ని నెలలుగా జననాంగాల దగ్గర దురద, తెల్లబట్ట. మందుల షాపులో అడగడానికి సిగ్గుపడి వేపాకు నీళ్లతో కడుక్కుంటూ గడిపింది. మధుమేహంలో తరచుగా వచ్చే ఫంగస్ ఇన్‌ఫెక్షన్ ఇది. సైకియాట్రీ ఓపీలో మహిళలతో కొంతసేపైనా విడిగా మాట్లాడే ఏర్పాటు తప్పనిసరిగా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. అది లేకపోతే ఈ లక్షణం ఆ రోజు కూడా మా ముందుకు వచ్చేది కాదు.

పరీక్షలు

ఎత్తు 151 సెం.మీ., బరువు 64 కిలోలు, బీఎంఐ (ఎత్తుకు తగిన బరువు ఉందో లేదో చూపే లెక్క) 28. భారతీయులలో బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. ఐరోపావారికి వాడే 25, 30 హద్దులతో చూస్తే ఈమెది కేవలం అధిక బరువు అనిపించేది. రక్తపోటు 136/88.

మందు మొదలుపెట్టిన రోజు బరువు ఎక్కడా నమోదు కాలేదు కాబట్టి ఎంత పెరిగిందో లెక్కగట్టడానికి దారి వెతకవలసి వచ్చింది. రెండో కాన్పు నాటి తల్లీబిడ్డల రక్షణ కార్డు ఇంట్లో భద్రంగా ఉంది, భర్త మరునాడు దాని ఫొటో పంపాడు. గర్భం దాల్చిన తొలి నెలల్లో ఏఎన్ఎం రాసిన బరువు 46 కిలోలు. అప్పుడు చేసిన గ్లూకోజ్ పరీక్ష కూడా మామూలుగానే ఉంది. జబ్బు చేసినప్పుడు ఆమె చిక్కిపోయింది కాబట్టి మందు మొదలయ్యేనాటికి ఇంకా తక్కువే ఉండి ఉంటుంది. అంటే పెరిగిన 18 కిలోలు కనీస అంచనా. గ్రామీణ మహిళల విషయంలో ఈ కార్డు ఎంతో విలువైన ఆధారం, సైకియాట్రీ ఓపీలో దానిని అడిగేవారు అరుదు.

నడుము కొలత 94 సెం.మీ. మహిళలకు 80 సెం.మీ. దాటకూడదు. చీర మీదుగా కొలిస్తే ఈ అంకెకు అర్థం ఉండదు. నర్సు ఆమెను తెర వెనుకకు తీసుకువెళ్లి, లంగా బొందె వదులు చేయించి, చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పై అంచుకు మధ్యన టేపు పెట్టి, ఊపిరి మామూలుగా వదిలిన క్షణంలో కొలిచింది. బొందెకు చీర అంచు నుంచి చించిన పీలిక ఒకటి ముడివేసి పొడుగు చేసుకుంది, నడుము మీద పాత ముడి ఒత్తిన నల్లటి చార అలాగే ఉంది.

ఆ రోజు ఆమె పరగడుపున రాలేదు. ఏమీ తినలేదని చెప్పింది గానీ, బస్సు ఎక్కే ముందు చక్కెర చాయ్ తాగింది. చాయ్ తాగితే తిన్నట్టు కాదని మన దగ్గర చాలామంది అనుకుంటారు. అందుకని ఆ రోజు ఏ వేళకైనా చేయదగిన పరీక్షలు మాత్రమే చేశాం. రక్తంలో చక్కెర 274 మి.గ్రా. విపరీతమైన దాహం, అతి మూత్రం ఉన్న మనిషిలో ఏ వేళ చూసినా 200 దాటితే మధుమేహం నిర్ధారణ అయినట్టే. ఇన్సులిన్ చాలక శరీరం కొవ్వును కరిగించుకున్నప్పుడు తయారయ్యే కీటోన్లు మూత్రంలో లేవు. ఈ పరీక్ష వెంటనే చేయడం ముఖ్యం, ఎందుకంటే ఈ మందులు వాడేవారిలో కొందరు కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్‌తో నేరుగా అత్యవసర స్థితిలోకి వెళ్తారు, అదీ బరువు పెద్దగా పెరగకుండానే వెళ్లవచ్చు. వారం తరువాత పరగడుపున చేసిన పరీక్షల్లో చక్కెర 168, తిన్న రెండు గంటలకు 262, రక్తంలోని కొవ్వుల్లో ట్రైగ్లిజరైడ్లు 310, మంచి కొవ్వు అనే హెచ్‌డీఎల్ 34, చెడు కొవ్వు అనే ఎల్‌డీఎల్ 118. రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 8.4 శాతం, అయితే హిమోగ్లోబిన్ 10.2 మాత్రమే ఉంది, ఐరన్ లోపం వల్ల వచ్చే రక్తహీనతలో హెచ్‌బీఏ1సీ అసలు కంటే ఎక్కువగా కనిపించే అవకాశం ఉంది కాబట్టి దాని ఒక్కదాని మీద ఆధారపడలేదు. థైరాయిడ్, క్రియాటినిన్ మామూలే. కాలేయ ఎంజైములు స్వల్పంగా పెరిగాయి, స్కానింగ్‌లో కాలేయానికి కొవ్వు పట్టినట్టు తేలింది.

మందు పాత్ర ఎంత

ఆమె తండ్రికి షుగర్ ఉంది, కాబట్టి వంశపారంపర్య ముప్పు ముందే ఉంది. స్కిజోఫ్రీనియా జబ్బు కూడా సొంతంగా కొంత ముప్పు తెస్తుంది. అయినా గర్భంతో ఉన్నప్పుడు చక్కెర మామూలుగా ఉన్న ఒక సన్నటి కూలీ మహిళ పద్నాలుగు నెలల్లో ఈ స్థితికి చేరడానికి ప్రధాన కారణం ఒలాంజపైన్ అనే మా నిర్ణయం. ఈ మందు మెదడులోని హెచ్1 హిస్టమిన్, 5హెచ్‌టీ2సీ సెరటోనిన్ గ్రాహకాలను (ఆ రసాయనాల సంకేతాలను అందుకునే చోట్లను) అడ్డుకుంటుంది. ఫలితంగా కడుపు నిండిందన్న సంకేతం మెదడుకు సరిగ్గా అందదు. ఆమె చెప్పిన "కడుపు నిండినట్టే ఉండదు" అన్న మాట అక్షరాలా ఇదే. దానిని తిండియావగా చూసి మందలించడం అన్యాయం. క్లోమంలో ఇన్సులిన్ స్రవించే కణాల మీద ఉండే ఎం3 మస్కరినిక్ గ్రాహకాలను కూడా ఈ మందు అడ్డుకుంటుంది, శరీరం ఇన్సులిన్‌కు స్పందించే గుణాన్ని కూడా తగ్గిస్తుంది. బరువుతో సంబంధం లేకుండా కూడా చక్కెర పెరగడానికి కారణం అదే.

2005లో వెలువడిన అమెరికా కేటీ అధ్యయనంలో ఒలాంజపైన్ వాడినవారిలో 30 శాతం మంది బరువు 7 శాతానికి మించి పెరిగింది. మిగతా మందులలో అది 7 నుంచి 16 శాతం వరకే. అదే అధ్యయనంలో ఏదో ఒక కారణంతో మందు మానేసినవారు అతి తక్కువగా ఉన్నది కూడా ఒలాంజపైన్‌లోనే. ఈ రెండు ఫలితాలనూ కలిపి చదవాలి. బరువు పెంచుతుందని ఈ మందును చెడ్డ మందుగా ముద్ర వేస్తే, దానివల్లే మళ్లీ పిల్లలకు అన్నం కలిపి పెట్టగలిగిన ఈ తల్లి లాంటివారికి ద్రోహం చేసినవాళ్లమవుతాం.

చికిత్స నిర్ణయాలు

మా ముందు రెండు అత్యవసరాలు ఉన్నాయి, రెండింటి దారులూ ఎదురెదురు. మాటలు మళ్లీ వినిపిస్తున్నాయి కనుక యాంటీసైకోటిక్ మందు ఆ రాత్రే మళ్లీ మొదలుకావాలి. చక్కెర, బరువు చూస్తే అదే మందును పాత మోతాదులో దీర్ఘకాలం కొనసాగించలేం. ప్రత్యామ్నాయాలను ఆమె, భర్త, అత్తగారు ముగ్గురినీ కూర్చోబెట్టి చర్చించాం. రిస్పెరిడోన్ బరువును కొంత తక్కువగా పెంచుతుంది గానీ పాలు పడటానికి తోడ్పడే ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను పెంచి నెలసరిని ఆపవచ్చు. హాలోపెరిడాల్‌తో చేతులు, కాళ్లు బిగుసుకుపోయే ముప్పు ఎక్కువ, చేతిపని మీద బతికే మనిషికి అది పెద్ద దెబ్బ. లురాసిడోన్ జీవక్రియకు మంచిదే, కానీ కనీసం 350 కేలరీల భోజనంతో వేసుకుంటేనే సరిగ్గా ఒంటబడుతుంది. కూలికి వెళ్లిన రోజు రాత్రి భోజనం ఎప్పుడో, ఎంతో ఆమె చేతిలో లేదు. అరిపిప్రజోల్ బరువును, చక్కెరను అతి తక్కువగా ప్రభావితం చేసే మందు, భోజనంతో నిమిత్తం లేదు, జనరిక్ దుకాణంలో భరించగల ధరకు దొరుకుతుంది. దానిని ఎంచుకున్నాం.

అయితే నేరుగా దానికి మారలేదు. అరిపిప్రజోల్ రక్తంలో స్థిరమైన మట్టానికి రావడానికి రెండు వారాలు పడుతుంది, కొందరిలో మొదట్లో నిద్రను చెడగొడుతుంది. జబ్బు తిరగబెడుతూ నిద్ర లేకుండా ఉన్న మనిషికి ఆ రెండు వారాలు ప్రమాదకరం. అందుకే ఒలాంజపైన్ 10 మి.గ్రా. రాత్రికి మళ్లీ మొదలుపెట్టి, ఆమెకు ఇది కొద్ది నెలల కోసమేనని స్పష్టంగా మాట ఇచ్చి, వారం తరువాత అరిపిప్రజోల్ 5 మి.గ్రా. ఉదయం పూట చేర్చాం. బిగుసుకుపోవడం, వణుకు ఏవీ లేవు కనుక ట్రైహెక్సిఫెనిడిల్‌ను నెమ్మదిగా తగ్గించి ఆపేశాం. అవసరం ఉన్నా లేకపోయినా ప్రతి చీటీలోనూ ఈ గోలీ ఉండటం మన దగ్గర అలవాటుగా మారింది. నోరు ఎండటం, మలబద్ధకం, మతిమరపు దాని వల్ల వస్తాయని, ఎండిన నోరు తీపి పానీయాల వైపు నడిపిస్తుందని గుర్తుంచుకోవాలి.

జనరల్ మెడిసిన్ సహచరుని సలహాతో మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. రాత్రి భోజనంతో మొదలుపెట్టి ఆరు వారాల్లో రోజుకు రెండు సార్లు 1000 మి.గ్రా. వరకు పెంచాం. మొదటి పది రోజులు విరేచనాలయ్యాయి. ముందే చెప్పి ఉంచడం వల్ల ఆమె మానలేదు. గ్లిమెపిరైడ్ వంటి షుగర్ గోలీలు వద్దనుకున్నాం, అవి బరువు పెంచుతాయి, పూట తప్పితే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. మెట్‌ఫార్మిన్‌కు మా రంగంలో మరో ప్రాముఖ్యం కూడా ఉంది. మధుమేహం లేని రోగుల్లో కూడా ఈ మందుల వల్ల పెరిగే బరువును అది తగ్గిస్తుందని అధ్యయనాలు చూపించాయి. ఒలాంజపైన్, క్లోజపైన్ వంటివి మొదలుపెట్టేటప్పుడే దానిని కూడా ఇవ్వడం గురించి ఇటీవలి మార్గదర్శకాలు మాట్లాడుతున్నాయి. కిడ్నీ పనితీరు చూడకుండా మాత్రం ఇవ్వకూడదు. ట్రైగ్లిజరైడ్లకు విడిగా మందు ఇవ్వలేదు. 500 దాటలేదు కాబట్టి చక్కెర అదుపులోకి వచ్చాక మళ్లీ చూద్దామనుకున్నాం. ఫంగస్ ఇన్‌ఫెక్షన్‌కు మందు, ఐరన్ గోలీలు ఇచ్చాం.

తిండి విషయం

అన్నం తగ్గించండి, రొట్టె తినండి అని చీటీ మీద రాయడానికి క్షణం పట్టదు. ఆ ఇంట్లో అది ఎలా సాధ్యమో తెలుసుకోవడానికి చాలాసేపు మాట్లాడవలసి వచ్చింది. రేషన్ బియ్యం ఉచితంగా వస్తుంది, 2025 ఉగాది నుంచి సన్నబియ్యం వస్తోంది. జొన్నలు కొనాలి, గిర్నీలో పట్టించాలి, రొట్టెలు కూర్చుని కొట్టాలి. కోడలు పొద్దున్నే చేనుకు పోతుంది, పైగా ఆమెకు కింద కూర్చుని లేవడమే కష్టం. ఇంట్లో ఉండే అత్తగారికి మోకాళ్లు వంగవు, పొయ్యి ముందు కూర్చోలేరు. ఒకప్పుడు ఈ ప్రాంతంలో జొన్నరొట్టె, గట్క రోజువారీ తిండి అయినా, ఈ ఇంట్లో మూడు పూటలా అన్నమే ఎందుకు ఉందో అప్పుడు అర్థమైంది.

కాబట్టి రొట్టెను రాత్రి పూటకు మాత్రమే పెట్టాం. గ్యాస్ పొయ్యిని ఎత్తైన బండ మీద పెట్టి నిలబడి చేసుకునేలా భర్త ఏర్పాటు చేశాడు. రెండు రొట్టెలు మించకూడదని కూడా చెప్పాం, ఎందుకంటే జొన్నలోనూ పిండిపదార్థమే ఉంటుంది. రొట్టె అయితే ఎన్నైనా తినవచ్చన్న నమ్మకం షుగర్ రోగులలో బాగా పాతుకుపోయింది. మధ్యాహ్నం అన్నం ఒక చిన్న గిన్నెడు, దానికి రెట్టింపు కూర, పప్పు. చాయ్ రోజుకు రెండు సార్లు, చక్కెర లేకుండా. కూల్‌డ్రింకు పూర్తిగా బంద్, బదులుగా ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ.

అర్ధరాత్రి ఆకలి గురించి విడిగా ఆలోచించాం. ఆ ఆకలిని సంకల్పంతో ఆపుకొమ్మనడం వ్యర్థం, మందు తగ్గేదాకా అది వస్తూనే ఉంటుంది. సద్దన్నం గిన్నెకు బదులు ఉడికించిన బబ్బెర్ల గుగ్గిళ్లు ఒక డబ్బాలో మంచం పక్కన పెట్టుకొమ్మన్నాం. దొంగచాటుగా తినవలసిన అవసరం లేదని, అది మందు వల్ల వచ్చే ఆకలి అని అత్తగారికి ఆమె ముందే వివరించాం. ఆ రోజు ఆమె ముఖంలో వచ్చిన ఊరట, మేము ఇచ్చిన ఏ గోలీకీ తీసిపోదు.

ఆ తరువాత

మార్పిడి సాఫీగా సాగలేదు. మూడో వారంలో అరిపిప్రజోల్ 15 మి.గ్రా.కు పెంచగానే కాళ్లు ఊరుకోవని, ఒక్కచోట కూర్చోలేకపోతున్నానని చెప్పింది. ఇంట్లోవాళ్లు జబ్బు తిరగబెట్టిందనుకున్నారు. అది అకతీసియా, మందు వల్ల వచ్చే లోపలి కదలిక. దానిని పిచ్చి ముదిరిందని పొరబడి మోతాదు ఇంకా పెంచితే పరిస్థితి విషమిస్తుంది. మోతాదును 10 మి.గ్రా.కు దించి, ఉబ్బసం లేదని నిర్ధారించుకుని ప్రొప్రనలాల్ తక్కువ మోతాదులో కొద్ది వారాలు ఇస్తే సర్దుకుంది.

ఒలాంజపైన్‌ను 10 నుంచి 5కు తగ్గించిన వారంలో నిద్ర చెడి, మాటలు లీలగా వినిపించాయి. తగ్గించడాన్ని అక్కడే ఆపి నెల రోజులు అదే మోతాదులో ఉంచాం, నిద్ర కుదిరాక 2.5కు దించి నాలుగో నెల చివర ఆపేశాం. తొందరపడి ఉంటే మొత్తం ప్రయత్నమే బెడిసికొట్టేది. ఈ కాలమంతా పల్లె దవాఖానాలో ఏఎన్ఎం వారానికొకసారి బరువు, పదిహేను రోజులకొకసారి పరగడుపు చక్కెర చూసి ఒక కార్డు మీద రాసేది. ముప్పై ఏళ్లు దాటినవారందరికీ షుగర్, బీపీ పరీక్ష చేయవలసిన కార్యక్రమం ఉన్నా, మానసిక జబ్బు ఉన్న ఇల్లని ఇంతకు ముందు ఆ గడప తొక్కలేదు. ఒకసారి పిలిచి వివరించాక ఆ ఏఎన్ఎం చూపిన శ్రద్ధను మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి.

మూడు నెలలకు బరువు 61 కిలోలు, పరగడుపు చక్కెర 132. ఆరు నెలలకు బరువు 57.5, నడుము 87 సెం.మీ., పరగడుపు చక్కెర 112, హెచ్‌బీఏ1సీ 6.6, ట్రైగ్లిజరైడ్లు 182, రక్తపోటు 124/80. హిమోగ్లోబిన్ 11.6కు పెరిగింది కాబట్టి హెచ్‌బీఏ1సీలో తగ్గుదల కొంత దాని వల్ల కూడా కావచ్చు. పరగడుపు చక్కెర తగ్గుదలే మాకు గట్టి ఆధారం. మాటలు వినిపించడం లేదు. పగటి మగత పోయింది. కంటి పరీక్షలో రెటీనా దెబ్బతినలేదని తేలింది. బీఎంఐ ఇంకా 25 దగ్గరే ఉంది. పెరిగిన బరువు అంతా తగ్గుతుందని ఆమెకు మేము ఎప్పుడూ మాట ఇవ్వలేదు.

అనుకోని చిక్కు ఒకటి అత్తగారి నుంచి వచ్చింది. కోడలు సన్నబడుతుంటే ఆమెకు భయం పట్టుకుంది. మొదటిసారి జబ్బు చేసినప్పుడు కూడా ఇలాగే చిక్కిపోయింది కదా అని. మెట్‌ఫార్మిన్ ఆపించి, మళ్లీ పాత గోలీలు తెమ్మని కొడుకును తొందరపెట్టింది. ఆమెకు కోప్పడి చెప్పే విషయం కాదు ఇది. నిద్ర పూర్తిగా పోవడం, అన్నంలో ఏదో కలిపారని తినకపోవడం, తనలో తాను మాట్లాడుకోవడం, పిల్లలను పట్టించుకోకపోవడం, ఇవి కనబడితే ఆ రోజే ఫోన్ చేయమని, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు చేయమని, ఇవేవీ లేకుండా కేవలం బరువు తగ్గితే అది మేము కోరుకున్నదేనని విడదీసి చెప్పాం. కార్డు మీద నెలనెలా తగ్గిన చక్కెర అంకెలను పక్కన పెట్టి చూపించాక కొంత నమ్మకం కుదిరింది.

మొదటి రోజే జరగవలసింది

అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తదితర సంస్థలు కలిసి 2004లోనే ఈ మందులకు పర్యవేక్షణ క్రమాన్ని సూచించాయి. మందు మొదలుపెట్టే ముందు కుటుంబ చరిత్ర, బరువు, నడుము కొలత, రక్తపోటు, పరగడుపు చక్కెర, కొవ్వులు చూడాలి. బరువును 4, 8, 12 వారాలకు, ఆపైన మూడు నెలలకోసారి చూడాలి. రక్తపోటు, చక్కెర, కొవ్వులను 12 వారాలకు మళ్లీ చూడాలి. బరువు అతి వేగంగా పెరిగేది మొదటి మూడు నెలల్లోనే. మొదటి నెలలోనే 5 శాతం పెరిగితే ముందు ముందు ఇంకా పెరుగుతుందనడానికి అది బలమైన సూచన. ఈమె విషయంలో ఆ లెక్కన రెండు కిలోలకు పైబడిన పెరుగుదల, అంటే ఒక మామూలు తూకం యంత్రం మీద కనిపించి ఉండేది. స్కిజోఫ్రీనియా ఉన్నవారు మిగతావారికంటే పది నుంచి ఇరవై ఏళ్లు ముందుగా మరణిస్తున్నారని, అందుకు ఎక్కువగా గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని ప్రపంచవ్యాప్తంగా తేలిన తరువాత కూడా మన సైకియాట్రీ ఓపీలలో తూకం యంత్రం, టేపు ఒక మూలన దుమ్ము పట్టి ఉండటాన్ని నేను అంగీకరించలేను.

పరీక్షల ఖర్చు, దూరం నిజమైన అడ్డంకులే. అందుకే మా దగ్గర ఇప్పుడు కొత్తగా ఈ మందులు మొదలుపెట్టిన ప్రతి రోగికీ ఊళ్లోనే బరువు, రక్తపోటు, చక్కెర చూసే పనిని ఏఎన్ఎం లేదా ఆశా కార్యకర్తకు కార్డుతో సహా అప్పగిస్తున్నాం. కొవ్వుల పరీక్షకు మాత్రమే పట్టణానికి రమ్మంటున్నాం. పరగడుపు అంటే చాయ్ కూడా తాగకూడదని ఆ కార్డు మీద పెద్ద అక్షరాలతో రాయించాం. బరువు రెండు కిలోలు పెరిగితే నెల ఆగకుండా ఫోన్ చేయాలన్న సూచన కూడా ఉంది. మందుల షాపులో పాత చీటీ మీద గోలీలు కొనే అలవాటును మేము ఆపలేకపోయాం. కానీ కార్డు ఉంటే కనీసం ఏం జరుగుతోందో ఎవరో ఒకరు చూస్తారు.

ఈ మహిళ ప్రస్తుతం అరిపిప్రజోల్ 10 మి.గ్రా., మెట్‌ఫార్మిన్ రోజుకు రెండు సార్లు 1000 మి.గ్రా. వాడుతోంది. మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడితే బీ12 విటమిన్ తగ్గవచ్చు కాబట్టి ఏడాది నిండగానే ఆ పరీక్ష చేయాలి. అప్పటికి హెచ్‌బీఏ1సీ 6.5 కంటే తక్కువగా నిలిచి ఉంటే మెట్‌ఫార్మిన్ మోతాదు తగ్గించే విషయం ఆలోచిస్తాం. అరిపిప్రజోల్‌ను ఆపే ఆలోచన ఇప్పట్లో లేదు. ఆ సంగతి ఆమెకు చెప్పాం, ఒప్పుకుంది. తదుపరి సమీక్షను పత్తి ఏరడం మొదలుకాక ముందే, ఆమె అడిగిన ప్రకారం, దేవరకొండ అంగడి లేని రోజున పెట్టాం.